నీడలో ఆగిపోయిన ట్రిగ్గరు

మా ఆయన సైన్యంలో, సిగ్నల్స్ విభాగంలో హవల్దారు. పెళ్లయిన పదిహేనేళ్లలో ఆరు ఊళ్లు మారాం. వెళ్లిన ప్రతి ఊళ్లోనూ నేను ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగు చదివానని చెప్పుకునేదాన్ని. ప్రతి ఊళ్లోనూ ఏదో ఒక బడిలో ఎల్‌కేజీ పిల్లల చేత రంగులు వేయించే ఉద్యోగమే దొరికేది. ఢిల్లీ కంటోన్మెంటులో క్వార్టరు ఇచ్చేనాటికి నాకు ముప్ఫై తొమ్మిదేళ్లు. డిగ్రీ సర్టిఫికెట్టు ప్లాస్టిక్ కవరులోనే అంచులు పసుపు తిరిగిపోయింది.

క్వార్టరుకు దగ్గర్లోనే నారాయణా పారిశ్రామికవాడ. అక్కడ ఒక మేడ రెండో అంతస్తులో, బడిపిల్లలకు సైన్సు కిట్లు తయారుచేసే చిన్న వర్క్‌షాపు ఉండేది. దాని యజమాని అరవై దాటిన పంజాబీ పెద్దమనిషి. అందరూ సర్ అనే పిలిచేవారు, నేనూ అలాగే పిలిచాను. తయారైన బోర్డులు వెలుగుతున్నాయో లేదో సరిచూసే పనికి నన్ను తీసుకున్నారు. రెండో నెలలో ఒక బజర్ కిట్టు ఊరికే పాడవుతుంటే, అందులో ఒక రెసిస్టరు విలువ మార్చమని చెప్పాను. అది మార్చాక ఒక్కటీ వెనక్కి రాలేదు. ఆ వారం చివర సర్ కిటికీ పక్కనున్న తన బల్ల ఖాళీ చేశారు.

"ఇక్కడ కూర్చో బేటా," అన్నారు హిందీలో. "ఇక నుంచి బోర్డులు వేరేవాళ్లు చూస్తారు. నువ్వు సర్క్యూట్లు గీయి."

ఆయన మాటలన్నీ హిందీలోనే ఉండేవి. ఇక్కడ నాకు గుర్తున్నంత వరకు తెలుగులో రాస్తున్నాను. ఆ ఒక్క మాట కోసం నేను పదిహేనేళ్లు ఎదురుచూశానని ఆయనకు తెలియదు. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వచ్చాను, ఆటో ఎక్కాలనిపించలేదు.

ఆయన నన్ను గీయమన్నది ఒక పురుగును. వర్క్‌షాపులో దాన్ని అందరూ 'కీడా' అనేవారు. అరచేతిలో సగం పట్టేంత చిన్న రోబో. బ్యాటరీ ఉండదు. వీపు మీద చిన్న సోలార్ ప్లేటు, కింద రెండు బుల్లి మోటార్లు, ముందు రెండు కళ్లలాంటి సెన్సర్లు. వెలుతురు ఎటు ఎక్కువగా ఉంటే అటు పాకుతుంది. వయసులో ఉన్నప్పుడు తను ఒకటి చేశాననీ, అది ఇంట్లో గడప దాటి ఎండలోకి వెళ్లిందనీ, వాళ్లమ్మ చీపురు తిరగేసి కొట్టిందనీ చెప్పి ఆయన నవ్వేవారు.

ఇందులో అసలు కష్టం ట్రిగ్గర్ సర్క్యూట్టు దగ్గర ఉంది. అంత చిన్న ప్లేటు ఇచ్చే కరెంటుకు మోటారు తిరగదు. అందుకని ఆ కరెంటును చుక్కచుక్కగా ఒక కెపాసిటరులో పోగుచేస్తాం. బాత్‌రూములో ఫ్లష్ ట్యాంకు సన్నని ధారతో నిండి ఒక్కసారిగా వదిలినట్టే. నిండిందా లేదా అని కనిపెట్టుకుని ఉండి, నిండగానే తలుపు తీసేదే ట్రిగ్గరు. అది తలుపు తీసిన క్షణంలో మోటారు ఒక్క చుట్టు తిరుగుతుంది, పురుగు చిన్న గెంతు గెంతుతుంది, మళ్లీ నిండేదాకా ఆగుతుంది. ఎడమ మోటారుకొక ట్రిగ్గరు, కుడి మోటారుకొకటి. వెలుతురు కుడివైపు ఉంటే ఎడమ మోటారు ముందు కదలాలి, అప్పుడే ఒళ్లు కుడివైపుకు తిరుగుతుంది. ఇదంతా ఆ రెండు ట్రిగ్గర్లు తేల్చుకోవాలి. వాటిని గీయడమే నా పని.

సర్‌కు ఒక స్కూళ్ల యాజమాన్యం వంద పురుగులు కావాలని చెప్పింది. దీపావళి సెలవులయ్యాక పిల్లల ముందు వందా ఒకేసారి వదలాలని ఆయన కోరిక. "తెల్ల దుప్పటి పరుస్తాం. నడుమ పెడతాం. అన్నీ సూర్యుడి వైపు వెళతాయి. పిల్లలు ఆ రోజు మర్చిపోరు," అనేవారు.

సోలార్ ప్లేట్లు ఇచ్చేది ఆయన స్నేహితుడు. ఎర్రకోట ఎదురుగా ఎలక్ట్రానిక్ సామాన్ల సందుల్లో ఆయనకొక ఇరుకు కొట్టు. ఇద్దరూ కుర్రతనం నుంచి ఎరిగినవాళ్లు. నేను ఆయన్ని అంకుల్‌జీ అనేదాన్ని, ఆయన నన్ను బేటీ అనేవారు. నమూనా ప్లేట్లను ఎప్పుడూ పెట్టెలో తెచ్చేవారు కాదు, జేబురుమాలులో చుట్టి తెచ్చేవారు. బల్ల మీద విప్పి, ఒక్కొక్కటీ అదే బల్బు కింద, అదే దూరంలో పెట్టి, మీటరు చూసి, నాకు చూపించి ఇచ్చేవారు. "నేను చెప్పానని నమ్మకు బేటీ, మీటరు చెప్పింది నమ్ము," అనేవారు. ఆ మాటను నేను మనసులో పెట్టుకోవలసింది.

ఆగస్టు చివరికి మొదటి పురుగు కదిలింది. ట్రిగ్గరుకు రెండు ట్రాన్సిస్టర్లు, ఒక మిణుకు లైటు వాడాను. ఏ కొట్లోనైనా దొరికే భాగాలే. వాన వెలిసిన మధ్యాహ్నం మేడ మీద, తడి ఆరిన సిమెంటు మీద దాన్ని పెట్టాం. మిణుకు లైటు ఒకసారి మెరిసింది, పురుగు టిక్కున గెంతింది. మళ్లీ గెంతింది. మా మూడు నీడలు దాని మీద పడకుండా పక్కకు జరిగి నిల్చున్నాం. అది గోడ దాకా వెళ్లి గోడనే గుద్దుతూ ఉంటే అంకుల్‌జీ వంగి తిప్పి పెట్టారు, చిన్నపిల్లను తిప్పి పెట్టినట్టు.

ఆ సంతోషంలో సర్ మమ్మల్ని అశోకా రోడ్డులో మన భోజనం దొరికే చోటికి తీసుకెళ్లారు. నేను ఇద్దరికీ కందిపొడిలో నెయ్యి వేసి ఎలా కలుపుకోవాలో చూపించాను. అంకుల్‌జీ కారం తట్టుకోలేక కళ్లు తుడుచుకుంటూనే మళ్లీ పొడి వేయించుకున్నారు. "మా అమ్మాయి వండితే ఇంత ఉప్పూ కారం ఉండవు," అన్నారు. "తను నా గుండె డాక్టరు మాట వింటుంది, నా మాట వినదు." సర్ ఆయన్ని ఆటపట్టించారు. ఆ మధ్యాహ్నం నన్ను వాళ్లు తమలో ఒకదాన్నిగా చూశారు. హవల్దారు భార్యననీ, మూడేళ్లకొకసారి సామాను కట్టుకుని పోయేదాన్ననీ ఎవరూ అనలేదు.

సెప్టెంబరు మూడో వారంలో ఒక సాయంత్రం మేడ మీద ఆరు పురుగులు పరీక్షిస్తున్నాను. కింద ఫోను మోగితే వెళ్లి వచ్చేసరికి ఒకటి నీళ్ల ట్యాంకు నీడలోకి వెళ్లి ఆగిపోయి ఉంది. నీడలో నిండడానికి టైము పడుతుందిలే అనుకుని కాసేపు చూశాను. గెంతలేదు. మీటరు పెట్టాను. నా ట్రిగ్గరు రెండున్నర వోల్టులు నిండగానే తలుపు తీయాలి. కెపాసిటరు రెండు పాయింట్ మూడు దగ్గర నిలబడింది. పెరగడం లేదు, తగ్గడం లేదు. పది నిమిషాలు అక్కడే గొంతుకూర్చుని ఆ అంకెను చూస్తూ ఉన్నాను.

ఏం జరుగుతోందో నాకు అర్థమైంది. ట్యాంకు నిండిందా అని కనిపెట్టుకుని ఉండడానికి కూడా ట్రిగ్గరుకు కాస్త కరెంటు కావాలి. ఎండలో అది లెక్కలోకి రాదు. వెలుతురు తగ్గినప్పుడు ప్లేటు ఎంత ఇస్తోందో అంతా ట్రిగ్గరే తాగేస్తోంది. అలా ఎన్ని గంటలైనా నిండదు. ఆ పురుగు కొంచెం నెమ్మదించడం కాదు, పూర్తిగా చచ్చిపోయినట్టే.

దీనికి మందు కూడా నాకు తెలుసు. మిణుకు లైటు తీసేసి, వోల్టేజీని మాత్రమే కనిపెట్టే మూడు కాళ్ల చిప్పు పెట్టాలి. అది దాదాపు ఏమీ తాగదు. కానీ అది ఇక్కడ దొరకదు, తెప్పించాలి. బోర్డు మళ్లీ గీయాలి. అప్పటికే వంద బోర్డులు అచ్చయి వచ్చేశాయి. సర్‌తో ఏమని చెప్పాలి? మీరు కుర్చీ ఇచ్చిన మనిషి మొదటి డిజైనే తప్పు గీసిందని చెప్పాలా?

ఆ పురుగును తీసి ఎండలో పెట్టాను. వెంటనే గెంతింది. వదిలేది ఎండలోనే కదా అనుకున్నాను. కిందికి వెళ్లి పరీక్ష కాగితం మీద ఆరింటి ఎదురుగా ఓకే అని రాశాను. నా చేతిరాత ఆ రోజు కూడా ఎప్పటిలాగే గుండ్రంగా ఉంది.

నవంబరు వచ్చింది. ఢిల్లీలో ఉన్నవాళ్లకు నవంబరు గురించి చెప్పక్కర్లేదు. గొంతులో గరగర, కళ్లమంట, బాల్కనీలో ఆరేసిన బట్టలకు పొగ వాసన. నేను రోజూ పొద్దున్నే లేచి ఆకాశం చూసేదాన్ని. మా ఆయన టీ తాగుతూ "ఏటి, వాన కోసమా?" అని అడిగేవాడు. ఏం లేదనేదాన్ని.

పురుగులను వదిలే రోజు పదిన్నరకు స్కూలు మైదానంలో తెల్ల దుప్పటి పరిచారు. సూర్యుడు ఉన్నాడు. కళ్లు చికిలించకుండా నేరుగా చూడగలిగేట్టు ఉన్నాడు. వంద పురుగులను పది వరుసలుగా పెట్టాం. చుట్టూ నాలుగు తరగతుల పిల్లలు మాస్కులు వేసుకుని కూర్చున్నారు. సర్ హిందీలో చక్కగా మాట్లాడారు. బ్యాటరీ లేదని, పెట్రోలు లేదని, వెలుతురే దీని తిండి అని చెప్పారు. తర్వాత అందరం చూస్తూ కూర్చున్నాం.

ఒక్కటీ కదల్లేదు.

ఐదు నిమిషాలైంది. పిల్లలు ముందు గుసగుసలాడారు, తర్వాత నవ్వారు, తర్వాత ఒకళ్లనొకళ్లు తోసుకోవడం మొదలుపెట్టారు. ప్రిన్సిపాల్ గడియారం చూసుకున్నారు. ముందు వరుసలో ఒక చిన్న పాప లేచి వచ్చి ఒక పురుగు మీద అరచేయి కప్పింది. టీచరు వద్దంటే, "దీనికి చలేస్తోంది మ్యామ్," అంది. నేను కదల్లేకపోయాను. వంద కెపాసిటర్లలో రెండు పాయింట్ మూడు వోల్టులు ఉన్నాయని అక్కడ నా ఒక్కదానికే తెలుసు.

సర్ మోకాళ్ల మీద కూర్చుని, ఫోను టార్చి వేసి ఒకదాని వీపుకు ఆనించి పట్టుకున్నారు. కాసేపటికి అది గెంతింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. టీచర్లు కూడా ఫోన్లు తీశారు. అలా ఒక పదీ పదిహేను కదిలాయి. వాటిని కదిలించడానికి వంగిన మనుషుల నీడలో మిగతావి మునిగిపోయాయి. సర్ లేచి దుమ్ము దులుపుకుంటూ పిల్లలతో, "మనలాగే వీటికీ ఈ గాలి పడలేదు," అన్నారు. నవ్వారు. ఆయన మెడ మీద చెమట కనిపించింది, అంత చలిలో.

తిరిగి వస్తుంటే కారులో ధౌలా కువా దగ్గర ట్రాఫిక్కు ఆగింది. ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకే చూస్తూ అడిగారు.

"తక్కువ వెలుతురులో పరీక్ష చేశావు కదా బేటా?"

"చేశాను సర్."

"బాగానే ఉందా?"

"ఉంది సర్."

అంతే. ఆ రెండు జవాబులకు నాకు పట్టిన సమయం ఊపిరి తీసుకునేంత కూడా కాదు. ఇన్నాళ్లుగా వెనక్కి వెళ్లి ఆ కారులోనే కూర్చుంటున్నాను, ఆ రెండో జవాబు దగ్గరే.

ఆయన తలూపారు. కాసేపటికి, "అయితే ప్లేట్లు," అన్నారు. "ఈసారి వాడు నాసిరకం అంటగట్టాడు."

నేను ఏమీ అనలేదు.

మర్నాడు ఆయన తన గదిలోంచి ఫోనులో మాట్లాడుతుంటే నా బల్ల దాకా వినిపించింది. సర్ గొంతు పెంచగా నేను వినడం అదే మొదలు. "నువ్వు నాకు బాగా ఉన్నవి చూపించి, లేనివి కట్టిచ్చావు... లేదు, నా దగ్గర మనిషి పరీక్ష చేసింది, ఆమె అబద్ధం ఆడదు... ఇంతకాలం స్నేహం అని అనుకున్నాను, నువ్వు వ్యాపారం చేశావు." ఆమె అబద్ధం ఆడదు. సోల్డరింగు ఇనుము నా చేతిలో వేడెక్కి పొగలు కక్కుతోంది. దాన్ని స్టాండులో పెట్టి బాత్‌రూములోకి వెళ్లి కుళాయి తిప్పుకుని నిలబడ్డాను. అప్పుడైనా ఆయన గదిలోకి వెళ్లి ఉండవచ్చు. పది అడుగులు.

ఆ తర్వాత అంకుల్‌జీ రెండుసార్లు వర్క్‌షాపుకు ఫోను చేశారు. సర్ తీయలేదు. మూడోసారి నా ఫోనుకు చేశారు. తెర మీద ఆయన పేరు చూసి, ఫోను బోర్లా తిప్పి బల్ల మీద పెట్టాను. మోగి మోగి ఆగింది.

నేను చేసిందల్లా సర్క్యూట్టు బాగుచేయడం. ఆ చిప్పులు తెప్పించమని సర్‌ను అడిగాను. నాసిరకం ప్లేట్లతో కూడా పనిచేసేలా చేస్తానని చెప్పాను. ఎంత నేర్పుగా చెప్పానో. ఆయన నా వైపు చూసిన చూపులో కృతజ్ఞత ఉంది. మూడు వారాల పాటు తలెత్తకుండా పనిచేశాను. మిణుకు లైటు తీసేశాను, తలుపు తీసే వోల్టేజీ తగ్గించాను, రెండు వైపుల ట్రిగ్గర్లు ఒకేసారి కదలకుండా మళ్లీ సరిచేశాను. డిసెంబరులో, పక్క మేడ కూడా కనిపించని ఒక పొద్దున, కొత్త పురుగును కిటికీ అంచున పెట్టాను. ఒక నిమిషం గడిచింది. రెండు నిమిషాలు. గెంతింది. అంకుల్‌జీ ఇచ్చిన ప్లేటుతోనే గెంతింది. పక్కన సోల్డరింగు చేసే దీదీ, "వాహ్ మేడమ్," అంది. నేను పురుగును డబ్బాలో పెట్టి మూత వేశాను.

ఆ ఆదివారం మా ఆయనకు చెప్పేశాను. మాది శ్రీకాకుళం జిల్లా. ఎన్ని ఊళ్లు తిరిగినా ఆయన మాట మారలేదు.

"రెండు వారాల నుంచి సూత్తన్నాను, తిండి లేదు, మాట లేదు. ఇదా సంగతి?" అన్నాడు. బూట్లు పాలిష్ చేసుకుంటున్నాడు, చేయి ఆపలేదు. "వైర్‌లెస్ సెట్టు పాడైతే మేం లాగ్‌బుక్కులో రాసేత్తాం. తిడతారు. రాయకపోతే తర్వాత డ్యూటీకొచ్చినోడు సత్తాడు. ఆయనకి సెప్పీ."

"ఉద్యోగం పోతుంది."

"పోతే పోద్ది. మొన్నటిదాకా లేదు కదేటి."

ఆ మాట నన్ను ఎక్కడ తాకిందో ఆయనకు తెలియలేదు. మొన్నటిదాకా నేను కూడా లేనట్టే వినిపించింది నాకు. లేచి లోపలికి వెళ్లిపోయాను. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. చెప్పాలనే మాట సరైనదని తెలిసే, దాన్ని ఆయన అన్నాడనే కోపంతో ఇంకో పది రోజులు గడిపాను. మనిషి తనకు తాను గడువు ఎలా ఇచ్చుకుంటుందో చెబితే నమ్మరు. కొత్త బోర్డులు వచ్చాక చెబుదాం. వందా కట్టాక చెబుదాం. స్కూలుకు పంపాక, సర్ సంతోషంగా ఉన్నప్పుడు చెబుదాం.

జనవరి మొదట్లో ఒక పొద్దున నేను వెళ్లేసరికి సర్ గదిలో కాకుండా నా బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. మఫ్లరు విప్పలేదు. పరీక్షకు వాడే బల్బు ఎవరు వేశారో వెలుగుతోంది. ఆయన దాని కిందే చేతులు పెట్టుకుని ఉన్నారు.

"అతను పోయాడట," అన్నారు. "నాలుగు రోజులైంది. గుండె. బజారులో ఇంకొకతను ఏదో పని మీద ఫోను చేస్తే, మాటల్లో చెప్పాడు. నాకు తెలుసనుకున్నాడు."

నేను నిలబడే ఉన్నాను.

"వాళ్లమ్మాయి నాకెందుకు చెబుతుంది? నేను ఫోను తీయని మనిషిని కదా," అన్నారు.

అప్పుడు చెప్పాను. సెప్టెంబరు, నీళ్ల ట్యాంకు నీడ, రెండు పాయింట్ మూడు, ఓకే అని రాసిన కాగితం. కారులో అన్నది కూడా చెప్పాను. ప్లేట్లు మంచివేనని, కొత్త పురుగులన్నీ వాటితోనే కదులుతున్నాయని చెప్పాను. ఏడవలేదు. ఏడిస్తే ఆయన నన్ను ఓదార్చాల్సి వస్తుందేమోనని భయపడ్డాను.

దీదీ లోపలికి రాబోయి, మమ్మల్ని చూసి గుమ్మంలోంచే వెనక్కి వెళ్లింది.

"సెప్టెంబరులోనే తెలుసు," అన్నారు చివరికి.

"తెలుసు సర్."

"మళ్లీ గీయడానికి ఎన్ని రోజులు పట్టేది?"

"మూడు వారాలు."

"మూడు వారాలు," అన్నారు. "నేను ఆగేవాణ్ని."

ఆగేవారని నాకు అప్పుడే తెలిసింది. అంతకుముందు తెలియదా అంటే, తెలుసుకోవడానికి నేను ప్రయత్నించలేదు.

ఆయన లేచి బల్బు ఆర్పారు. "ఇప్పుడు ఎవరికి చెప్పను?" అన్నారు. నన్ను అడుగుతున్నట్టు లేదు. తన గదిలోకి వెళ్లి తలుపు దగ్గరకు వేసుకున్నారు.

నన్ను పనిలోంచి తీసేయలేదు. ఆ రోజే తీసేస్తే నాకు కాస్త ఊపిరాడేది. మర్నాడు ఆయన నా బల్ల దగ్గరకు వచ్చి, "మేడమ్, సోమవారానికి ఎన్ని అవుతాయి?" అని అడిగారు. బేటా అనే మాట మళ్లీ వినలేదు. కోపంగా ఉండేవారు కాదు. మర్యాదగా ఉండేవారు. పరీక్ష కాగితాలు మాత్రం తన గదిలోకి తెప్పించుకుని, ప్రతి పురుగునూ తనే మళ్లీ మీటరు పెట్టి చూసేవారు. నేను తలుపు సందులోంచి ఆ వంగిన వీపు చూస్తూ నా పని చేసుకునేదాన్ని.

కొత్త పురుగులు స్కూలుకు వెళ్లాయి. అన్నీ కదిలాయి. మంచు కాస్త విడిచిన రోజున పిల్లల ముందు వదిలారట, వీడియో పంపారు. తెల్ల దుప్పటి మీద వంద చుక్కలు టిక్కు టిక్కుమంటూ ఒక వైపుకు జరుగుతున్నాయి, పిల్లలు అరుస్తున్నారు. దీదీ నాకు చూపించింది. సర్ చూశారో లేదో తెలియదు. ఆయన వెళ్లలేదు.

మార్చిలో మా ఆయనకు బదిలీ ఆర్డరు వచ్చింది. సామాను కట్టడం మొదలుపెట్టక ముందు ఒక మధ్యాహ్నం మెట్రో ఎక్కి లాల్ కిలా స్టేషనులో దిగాను. ఆ సందుల్లో కొట్టు వెతుక్కోవడానికి చాలాసేపు పట్టింది. అంతకుముందు ఎప్పుడూ నేను వెళ్లలేదు, ఆయనే మా దగ్గరకు వచ్చేవారు. కౌంటరు వెనక ముప్ఫై ఏళ్ల అమ్మాయి కూర్చుని ఎవరికో రెసిస్టర్లు ఏరి ఇస్తోంది. తండ్రి కనుబొమలే.

జనం తగ్గేదాకా పక్కన నిలబడి, నేను ఫలానా అని చెప్పాను. ఆమె ముఖం మారలేదు. "మీ సర్ జనవరిలో వచ్చారు," అంది. "కూర్చున్నారు. ఏమీ మాట్లాడలేదు. టీ ఇస్తే తాగి వెళ్లారు."

అంటే ఆయన చెప్పలేదు. నా పేరు చెప్పడం ఇష్టం లేకనో, ఇంక చెప్పి లాభం లేదనుకునో. నేను చెప్పాను. తప్పు ప్లేట్లది కాదు, నా సర్క్యూట్టుది, నాకు ముందే తెలుసు, అని. హిందీలో చెప్పడం వల్ల అది ఇంకా చిన్న మాటగా, ఇంకా బోడిగా వచ్చింది.

ఆమె చేతిలో ఉన్న పొట్లాన్ని కింద పెట్టింది.

"నాన్న ఆ రోజుల్లో మిగిలిన ప్లేట్లన్నీ మేడ మీదకు తీసుకెళ్లి కొలిచారు," అంది. "ఆ పొగలో. అన్నీ తక్కువే చూపించాయి. చూపించవా మరి? నాన్న మాత్రం నిజంగానే నాసిరకం వచ్చిందనుకున్నారు. తన కన్ను మోసపోయిందనుకున్నారు. అది చెప్పి క్షమాపణ అడగడానికే మీ సర్‌కు ఫోను చేసేవారు. మీక్కూడా చేశారు."

"చేశారు," అన్నాను.

"పోయేదాకా తప్పు తనదే అనుకున్నారు."

ఏదో అనాలి. క్షమించమనడానికి నోరు తెరిచాను కానీ, అది ఆ అమ్మాయి ఇవ్వగలిగిందీ కాదు, నేను అడగదగిందీ కాదు. ఆమె వంగి కౌంటరు కింద నుంచి ఒక అట్టపెట్టె లాగింది. పైన పెద్ద అక్షరాలతో నల్ల ఇంకుతో 'ఖరాబ్' అని రాసి ఉంది. లోపల సోలార్ ప్లేట్లు, ఒక్కొక్కటీ కాగితంలో చుట్టి, వరసగా పేర్చి ఉన్నాయి. పాడైనవనుకున్న వాటిని కూడా ఆయన అంత జాగ్రత్తగా సర్దారు.

"అయితే ఇవి అమ్మొచ్చా?" అని అడిగింది.

"అమ్మొచ్చు. మంచివి."

ఆమె పెన్ను తీసుకుని ఆ మాటను కొట్టేసింది. ఒక గీతతో పోలేదు. పెన్ను అట్టలోకి దిగేదాకా నాలుగైదు సార్లు గీసింది. తర్వాత పెట్టె ఎత్తి ముందు అరలో పెట్టింది. అంతలో ఒకాయన వచ్చి ఏదో కెపాసిటరు అడిగాడు. ఆమె అటు తిరిగింది. నేను ఇంకాసేపు నిలబడ్డాను. ఆమె నన్ను వెళ్లమనలేదు, ఉండమనలేదు. కొనేవాళ్లకు దారి అడ్డమవుతున్నానని పక్కకు జరిగాను, అలా జరుగుతూ జరుగుతూ సందు చివరికి వచ్చేశాను.

వర్క్‌షాపులో చివరి రోజున సర్ నాకొక కవరు ఇచ్చారు. లోపల నా పని గురించి ఆయన సంతకంతో ఒక ఉత్తరం ఉంది. ఈమె డిజైను చేసిన ట్రిగ్గర్ సర్క్యూట్టు మసక వెలుతురులో కూడా చక్కగా పనిచేస్తుంది అని రాశారు. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. కొత్త ఊళ్లో రెండు చోట్ల ఉద్యోగం కోసం వెళ్లాను. సర్టిఫికెట్టు ఇచ్చాను, ఆ ఉత్తరం మాత్రం బయటికి తీయలేకపోయాను. ఇప్పుడు ఇక్కడి బడిలో ఎల్‌కేజీ పిల్లలకు రంగులు నేర్పుతున్నాను.